మంచుకొండలకు పోవు బాట

జనవరి మాసపు ఉదయమున దిల్‌సుఖ్‌నగర్ వీధులలో తోపుడుబండ్లమీద ఎర్రని ఆపిల్‌పండ్లు గుట్టలుగా పేర్చియుండును. కొనువారు పండును చేతబట్టి నొక్కి చూతురు, ధర తగ్గింపుమందురు, తూకము ముగిసిన పిదప ఒకటి అదనముగా వేయుమందురు. అది ఎచ్చటినుండి వచ్చినదని అడుగువారు మాత్రము అరుదు. ఆ పండ్లలో పెక్కు కశ్మీరపు తోటలలో శరత్కాలమున కోసినవి. కొంతకాలము శీతల గిడ్డంగులలో నిలువయుండి, గిరాకి చూచుకొని లారీల నెక్కినవి. వానిని కాచిన చెట్లు ఆ జనవరి ఉదయమున ఆకులన్నియు రాల్చి మంచులో నిలిచియుండును. అచ్చటినుండి హైదరాబాదునకు సుమారు 2,400 కిలోమీటర్ల దూరము. ఈ దూరమునంతటిని ఒకే రహదారి కలుపుచున్నది. అది 44వ జాతీయ రహదారి.

ఆ పండు వచ్చిన దారినే ఎదురు నడచిపోయినచో ఏమేమి కనబడును? శీతకాలమున తుర్కయంజాల్ నుండి ఒక బండి బయలుదేరి కశ్మీరమునకు పోవలెనన్న దారిలో ఏమేమి దాటవలెను? ఈ ప్రశ్నకు సమాధానము భూగోళ పటములో సగమే దొరకును.

తుర్కయంజాల్ రంగారెడ్డి జిల్లాలో నాగార్జునసాగరమునకు పోవు రోడ్డుమీద నున్నది. శీతకాలమున ఇచ్చటి మాసాబ్ చెరువుమీద తెల్లవారుజామున పలుచని పొగమంచు పరచుకొని, ప్రొద్దెక్కునప్పటికి విడిపోవును. గడ్డిపరకల కొనలయందు మంచుబిందువులు మెరయును. ముసలివారు తలకు మఫ్లరు చుట్టుకొని, "ఈ యేడు మంచు ఎక్కువగా కురియుచున్నది" అందురు. తెలుగుభాషలో మంచు అను మాట మిక్కిలి ఉదారమైనది. గడ్డిమీది నీటిబిందువు మంచే. కన్ను కానరాకుండ చేయు పొగయు మంచే. ఆకాశమునుండి దూదివలె రాలు తెల్లని హిమమును మంచే. గడ్డకట్టి రాయియైన నీరును మంచే. వాన తప్ప వేరెరుగని దేశములో ఒక్కమాట చాలినది. కొండదారిలో బండి నడుపువానికి మాత్రము అది చాలదు. ఈ నాలుగింటిని వేరువేరుగా గుర్తింపనివాడు ఆ దారిన క్షేమముగా పోవుట కష్టము. విచిత్రమేమనగా, ఈ బాటమీద ఆ నాలుగును అదే వరుసలో ఎదురగును.

మొదటిది ఇంటిముందరనే కలదు. దానివలన ఎవరికిని భయము లేదు. తుర్కయంజాల్ దాటగానే బొంగులూరు కూడలి వచ్చును. అచ్చట నగరమును చుట్టియున్న 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి నెక్కి, తూర్పుదిక్కుగా పెద్ద అంబర్‌పేట, ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేటల ప్రక్కగా చుట్టివచ్చినచో మేడ్చల్ చెంత 44వ జాతీయ రహదారి దొరకును. నగరములోని రద్దీ తగలదు. ఇంతకు పూర్వము ఈ బాటకు మన ప్రాంతములో 7వ జాతీయ రహదారి అని పేరు. అది వారణాసి నుండి కన్యాకుమారి వరకు పోయెడిది. 2010లో రహదారుల సంఖ్యలను మార్చినపుడు ఏడు వేర్వేరు రహదారులను, కొన్నింటిని మొత్తముగను కొన్నింటిని భాగములుగను, ఒక్కటిగా కూర్చి శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు 44వ సంఖ్య నిచ్చిరి. దేశమున ఇంతకంటె పొడవైన జాతీయ రహదారి లేదు.

ఉత్తరమునకు పోవుట యనగా ఎగువకు పోవుట యని పటము చూచు పిల్లలు తలంతురు. గోడమీద పటమున కశ్మీరము నెత్తిమీద నుండుటయే దానికి కారణము. నిజమునకు ఈ ప్రయాణములో మొదటి దినములలో, నడుమ కొన్ని ఎక్కుళ్లున్నను, మొత్తముమీద బండి పల్లమునకే దిగును. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. నాగపురము సుమారు 310 మీటర్లు. ఆగ్రా 170 మీటర్లు మాత్రమే. కొండల పాదమున నున్న జమ్మునగరము సయితము దాదాపు 300 మీటర్ల ఎత్తుననే కలదు. అనగా హిమాలయముల ముంగిట నిలిచిన మనుష్యుడు తుర్కయంజాల్‌లో నిలిచినవానికంటె పల్లములో నున్నాడన్నమాట. అటుపిమ్మటనే ఎక్కుడు ఆరంభము.

మధ్యలోని నేలను త్వరగా దాటుదము. నిర్మల్ చేరకముందు సోన్ వద్ద గోదావరి. ఆదిలాబాదు దాటిన పిదప మహారాష్ట్ర సరిహద్దున పెన్‌గంగ. నాగపురము, సివనీల నడుమ పెంచ్ అడవులు. ఆ అడవులలో కొంతమేర రహదారిని స్తంభములపై ఎత్తి కట్టిరి. పైన లారీలు పోవుచుండగా క్రింద పులులు, జింకలు దాటిపోవును. మనుష్యుడు మృగమునకు దారి విడిచిన ఇట్టి తావులు తక్కువ. తరువాత నర్మద, బేత్వా, చంబల్, యమునా నదులు. ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రా, మథుర, ఢిల్లీ నగరములు. ఢిల్లీ దాటిన పిదప పానిపట్టు, అంబాలా, లూధియానా, జలంధరము. ఈ పేర్లన్నియు చరిత్ర పాఠమున వచ్చునవే గనుక వాని గురించి ఇచ్చట విస్తరింప నక్కరలేదు.

ఆగ్రా మొదలు జలంధరము వరకు రెండవ మంచు కాచుకొని యుండును. అదియే పొగమంచు. డిసెంబరు, జనవరి మాసములలో గంగా, సట్లెజు మైదానములలో రాత్రులు నిర్మలముగా నుండును. గాలి వీచదు. పగలు గ్రహించిన వేడిని నేల రాత్రి ఆకాశమునకు విడిచిపెట్టి చల్లబడును. గోధుమ చేలకు నీరు పెట్టియుండుటచే నేలచెంత గాలిలో తేమ మెండు. చల్లబడిన గాలి ఆ తేమను మోయలేదు. తేమ సూక్ష్మమైన నీటిబిందువులై గాలిలోనే నిలుచును. నేలమీదకు దిగిన మేఘమే పొగమంచు. కొన్ని ఉదయములందు పది అడుగుల ముందున్న బండియు కనబడదు. పట్టణమునుండి వచ్చిన డ్రైవరు కంగారుపడి దీపములను పూర్తి కాంతితో వెలిగించును. ఆ కాంతి బిందువులపై పడి చెదరి అతని కన్నులలోనికే మరలి వచ్చును. తెల్లని గోడ యొకటి ఎదుట నిలిచినట్లగును. దీపములను వంచి నేలవైపు వెలిగించిననే దారి కొంత కనబడును. రహదారి మధ్యను బండి నిలుపుట అంతకంటె ప్రమాదకరము. వెనుక వచ్చువానికి ఆ బండి కనబడదు; ఒకదాని వెనుక నొకటి పదేసి బండ్లు గ్రుద్దుకొన్న దుర్ఘటనలు ఈ మైదానమున ఏటేట జరుగుచున్నవి. ఎరిగిన లారీవారు అట్టివేళ ధాబా ముంగిట బండి నిలిపి, టీ త్రాగుచు పది గంటల ఎండకొరకు వేచియుందురు. గాలితో పోరాడుటకంటె గంటసేపు ఆగుట మేలని వారి మతము. మంచుకొండలకు పోవువాడు మొదట నేర్వవలసిన విద్యయు ఇదియే.

పంజాబును దాటి రావి నదిని దాటగనే జమ్ము ప్రాంతము. జమ్ము నుండి శ్రీనగరునకు గల దారి సుమారు 250 కిలోమీటర్లకు మించినది. మైదానములో ఇది ఒక పూట ప్రయాణము. ఇచ్చట ఒక దినము కావచ్చును. మూడు దినములును కావచ్చును. ఏ దినమున ఏ దిక్కునుండి లారీలను విడుతురో రవాణా పోలీసులు ముందుగా ప్రకటింతురు. దారి ఇరుకైనచోట రెండువైపులనుండి పెద్దబండ్లు వచ్చినచో రెండును చిక్కుకొనును గనుక, ఒకనాడు ఇటునుండియు మరునాడు అటునుండియు విడుచుట తరచు జరుగును. ఆ ప్రకటనను చూడక బయలుదేరినవాడు ఉధంపురము చెంతనో, అంతకు ముందో వరుసలో నిలిచిపోవును.

ఉధంపురము దాటిన పిదప పూర్వము బండ్లన్నియు పట్నీటాప్ అను కొండ నెక్కి దిగవలసియుండెను. ఆ శిఖరము 2,000 మీటర్లకు పైన కలదు. శీతకాలమున అచ్చట హిమము పడి బండ్లు జారెడివి. 2017 ఏప్రిలులో చెనానీ, నాశ్రీ అను ఊళ్ల నడుమ 9 కిలోమీటర్లకు మించిన సొరంగము తెరువబడినది. దానికి శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరు పెట్టిరి. ఆ సొరంగము కొండ నడుమునుండి పోవుటచే దారి 30 కిలోమీటర్లు తగ్గినది. అంతకంటె ముఖ్యముగా, హిమము పడు ఎత్తునకు ఎక్కవలసిన పని తప్పినది. ప్రధాన మార్గమున కేమైన ఆపద కలిగినచో జనులు తప్పించుకొని పోవుటకు ప్రక్కన మరియొక చిన్న సొరంగమును త్రవ్విరి. రెండింటిని 300 మీటర్ల కొకటి చొప్పున అడ్డదారులు కలుపుచున్నవి.

సొరంగము వెలువడి కొంతదూరము దిగిన పిదప రాంబన్ వద్ద చీనాబు నదిని దాటవలెను. అచ్చటినుండి బనిహాల్ వరకు గల 36 కిలోమీటర్లు ఈ బాటయంతటిలోను కఠినమైనవి. ఆ కొండలు వయస్సున చిన్నవి. మన దక్కను పీఠభూమిలోని నల్లరాయి కోట్లాది సంవత్సరములుగా స్థిరపడి కదలక యున్నది. హిమాలయములో రాయి ఇంకను పైకి లేచుచునే యున్నది. అందులోను ఇచ్చటి రాళ్లు పలకలవలె పొరలుపొరలుగా విడిపోవు జాతివి. శీతకాలమున ఆ పొరల నడుమ నీరు చేరును. రాత్రి అది గడ్డకట్టును. నీరు గడ్డకట్టినపుడు తొమ్మిదవ వంతు కాకున్నను నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బును. నీరు నింపి మూతపెట్టిన సీసాను ఐసుపెట్టెలో ఉంచి మరచిపోయినవారికి ఆ బలమెట్టిదో తెలియును. ఆ ఉబ్బు మేకు కొట్టినట్లు రాతిని చీల్చును. పగలు ఎండకు గడ్డ కరగగానే పట్టువిడిచిన రాయి దొర్లి రహదారిపై పడును. అందుచే ఇచ్చట వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నము మంచిదని నమ్మరాదు. కొండవైపు బండి నిలిపి ఛాయాచిత్రములు తీయువారిని చూచి పోలీసులు ఈలలు వేయుట అందులకే.

ఇంతటితో పీర్‌పంజాల్ పర్వతపంక్తి ఎదురగును. కశ్మీరలోయకును దక్షిణ దేశమునకును నడుమ కట్టిన గోడ ఇది. దీనిని దాటుట ఎట్లను ప్రశ్నకు మనుష్యులు నూరేండ్లలో మూడు సమాధానములు చెప్పిరి. మొదటిది 1922లో జనులకు తెరువబడిన బనిహాల్ బండిబాట. అది 2,832 మీటర్ల ఎత్తున కనుమమీదుగా పోయెడిది. శీతకాలము వచ్చెనా, మూతపడెడిది. ఆ రోజులలో దానివలన పెద్ద ఇబ్బంది లేదు. ఏలయన కశ్మీరమునకు ముఖ్యమైన దారి రావల్పిండి నుండి జీలం నది ఒడ్డున బారాముల్లాకు వచ్చెడిది. 1947లో దేశవిభజన జరుగగా ఆ దారి సరిహద్దున తెగిపోయినది. నాడు కశ్మీరమునకు మిగిలిన రోడ్డు ఈ కనుమ ఒక్కటియే. అదియు శీతకాలమున మూతపడునట్టిది. ఉప్పు, కిరసనాయిలు, మందులు అన్నియు ఈ బాటనే రావలెను గదా! కనుక 1954లో జర్మను ఇంజనీర్ల ఆధ్వర్యమున కొండ త్రవ్వుట మొదలుపెట్టి 1956 డిసెంబరులో రెండున్నర కిలోమీటర్లకు మించిన సొరంగమును తెరచిరి. అదియే 2,194 మీటర్ల ఎత్తున గల జవాహర్ సొరంగము. అరువదియేండ్లకు పైగా అది కశ్మీరమునకు గొంతుకవలె పనిచేసినది. మూడవది బనిహాల్, కాజీగుండ్ నడుమ 8 కిలోమీటర్లకు మించిన క్రొత్త సొరంగము. 2011లో పని ఆరంభమై, 2021 ఆగస్టులో బండ్లు పోసాగెను. ఇది పాతదానికంటె 400 మీటర్లు దిగువన, సుమారు 1,790 మీటర్ల ఎత్తున కలదు.

నాలుగు వందల మీటర్లు దిగినంతమాత్రమున ఒరిగినదేమి? ఒక చిన్న లెక్క వేయవచ్చును. వేయి మీటర్లు ఎక్కినచో గాలి వేడి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గును. విశాఖ మన్యములో లంబసింగి చల్లగా నుండుటకు దాని ఎత్తు ఒక కారణము. జమ్ములో జనవరి రాత్రి 7 డిగ్రీలున్నదనుకొందము. పాత కనుమ జమ్ముకంటె రెండున్నర వేల మీటర్లు ఎత్తు. అచ్చట సుమారు 16 డిగ్రీలు తగ్గి, సున్నకు దిగువ 9 డిగ్రీల చలి యుండును. జవాహర్ సొరంగము చెంత సున్నకు దిగువ 5. క్రొత్త సొరంగము చెంత సున్నకు దిగువ 2 లేక 3. ప్రకృతిలో లెక్క ఇంత సరిగా రాదు గాని, అంతరమిది. సొరంగమును ఎంత దిగువకు దింపిన అంత హిమము తప్పించుకొన్నట్లు. మంచుచరియల భయమును అంతే తగ్గును. 2019 ఫిబ్రవరిలో జవాహర్ సొరంగపు ఉత్తర ద్వారము చెంతనున్న పోలీసు చౌకిపై మంచుచరియ విరిగిపడి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ దారిని కాచుచుండినవారే వారు.

జమ్మువైపు ద్వారమున ఎండ కాయుచుండగా సొరంగమున దూరి, ఆవలి ద్వారమున కురియుచున్న హిమములోనికి వెలువడుట ఇచ్చట వింత కాదు. మూడవ మంచు ఇదియే. శీతకాలమున మధ్యధరా సముద్రము వైపునుండి తేమతోకూడిన గాలులు ఇరాను, ఆఫ్ఘనిస్థానములమీదుగా తూర్పునకు వచ్చి, ఈ కొండలకు తగిలి హిమమును కురియును. వీనిని పశ్చిమ అలజడులందురు. మన పొలములకు నైరుతి ఋతుపవనమెట్టిదో కశ్మీరమునకు ఇవి అట్టివి. నైరుతి మేఘములను పీర్‌పంజాల్ గోడ చాలవరకు అడ్డగించును గనుక, కశ్మీరపు రైతునకు వేసవి నీరు శీతకాలమున పడిన హిమము కరగుటవలననే లభించును.

అప్పుడే రాలిన హిమము మెత్తన. దానిలో చక్రము దిగబడును గాని అంతగా జారదు. బండ్లు తొక్కి తొక్కి దానిని నున్నని పలకగా చేసిన పిదప చిక్కు వచ్చును. పగటి ఎండకు పైపొర కరగి, రాత్రి మరల గడ్డకట్టినపుడు నాలుగవ మంచు పుట్టును. గాజుపొరవలె పారదర్శకమై, క్రింది తారు నల్లదనము కనబడుచుండుటచే అది రోడ్డు తడిసినట్లు తోచునే గాని మంచని తోచదు. కొండనీడ పడు మలుపులందు, వంతెనలమీద ఇది ముందుగా ఏర్పడును. వంతెనకు పైనను క్రిందను చలిగాలియే గదా. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి పొడిరోడ్డున బ్రేకు వేసిన పిదప పది మీటర్లలోపల నిలుచును. ఈ గాజుపొరపై అరువది మీటర్లు జారును. ప్రక్కన లోయ యున్నపుడు అరువది మీటర్లనగా ఎంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

అందుచే కొండబాటలో అనుభవము గల డ్రైవరు బ్రేకును నమ్మడు. పల్లమునకు దిగునపుడు చిన్న గేరులో నుంచి ఇంజను పట్టుతోనే వేగమును అదుపుచేయును. బయలుదేరునపుడు నెమ్మదిగా కదలించును; చక్రము గిర్రున తిరిగినచో క్రింది హిమము కరగి మరింత నునుపగును. హిమము దట్టముగా నున్నచోట ఇంజను త్రిప్పు చక్రములకు ఇనుపగొలుసులు చుట్టును. గొలుసు లంకెలు మంచులో గ్రుచ్చుకొని పట్టు నిచ్చును. పొడిరోడ్డు రాగానే వానిని విప్పవలెను. లేనిచో టైరు, రోడ్డు రెండును చెడును. రహదారి పనివారు యంత్రములతో హిమమును త్రోసివేసి, మిగిలినదానిపై ఉప్పు, ఇసుక చల్లుదురు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీలవద్ద గడ్డకట్టదు. కుల్ఫీ అమ్మువాడు ఐసుముక్కలపై ఉప్పు చల్లుట ఈ గుణము నెరిగియే. కాని చలి మిక్కిలి ముదిరినపుడు ఉప్పును అంతగా పనిచేయదు. అప్పుడు ఇసుకయే గతి. బండిలోపలి సంగతులును కలవు. ఇంజనును చల్లబరచు నీరు గడ్డకట్టి లోహమును చీల్చకుండ ప్రత్యేక ద్రవమును కలుపవలెను. అతిశీతలమున డీసెలులోని మైనపు పదార్థము పేరుకొని గొట్టములు పూడును. లడఖు ప్రాంతముకొరకు సున్నకు దిగువ 33 డిగ్రీలవరకు పేరుకొనని డీసెలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో విడుదల చేసినది. హైదరాబాదులో నింపిన డీసెలు శ్రీనగరు చలికే చిక్కబడవచ్చును.

మంచుదేశములన్నిటను ఈ పాట్లు కలవు. అమెరికాలో కాలరాడో రాష్ట్రమున 70వ సంఖ్య అంతర్రాష్ట్ర రహదారి రాకీ పర్వతములను దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఐసన్‌హోవర్ సొరంగముద్వారా దాటును. అది 1973లో తెరువబడినది. శీతకాలమున ఆ కొండభాగమున పోవు బండ్లకు మంచుకు తగిన టైర్లు గాని గొలుసులు గాని ఉండవలెనని అచ్చటి శాసనము. అమెరికాలో నివసించు తెలుగువారు అనేకులు హిమముపై బండి నడుపుటను అక్కడనే, మొదటి శీతకాలమున గుండె దడదడలాడుచుండగా నేర్చినవారే.

దారి మూతపడి బండి హిమములో చిక్కుకొన్నచో ఏమి చేయవలెను? ఇది ప్రాణముతో ముడిపడిన విషయము గనుక ఒకింత నిలిచి చదువదగినది. 2022 జనవరిలో పాకిస్థానమునందలి మర్రీ అను కొండపట్టణమునకు హిమము చూడబోయిన వేలకొలది జనులు తమ కార్లలో చిక్కుకొనిరి. ఒక్క రాత్రిలో ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో కొందరి మరణమునకు చలి కాక పొగ కారణమని భావించిరి. వెచ్చదనముకొరకు ఇంజను నడుపుచు అద్దములు బిగించుకొని నిద్రించినపుడు, వెనుక పొగగొట్టము హిమముతో పూడిపోయినచో పొగ కారులోనికే చేరును. అందులోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో ప్రాణవాయువు చోటును ఆక్రమించును. మనుష్యుడు దగ్గకయే, ఉలికిపడకయే, నిద్రలోనే పోవును. లారీ క్యాబినులో తలుపులు మూసికొని బొగ్గులకుంపటి గాని స్టవ్వు గాని వెలిగించుటయు ఇట్టిదే. పొగగొట్టముచుట్టు హిమమును మాటిమాటికి త్రవ్వి తీయవలెను. ఇంజనును కొలది నిమిషములే నడిపి ఆపవలెను. ఒక అద్దమును వ్రేలెడు తెరచి యుంచవలెను. దుప్పట్లు, నీరు, అటుకులు, బెల్లము, చిన్న పార బండిలో నుండవలెను. బండిని విడిచి హిమములో నడచిపోవుట సాధారణముగా మంచిది కాదు. దారి కానరాదు, వెదకువారికి మనుష్యునికంటె బండి కనబడుట సులభము.

సొరంగము దాటిన పిదప కాజీగుండ్. అటుతరువాత లోయ సమతలముగా పరచుకొని యుండును. శ్రీనగరు 1,585 మీటర్ల ఎత్తున, హైదరాబాదుకంటె దాదాపు రెట్టింపు అక్షాంశమున కలదు. డిసెంబరు 21 మొదలు జనవరి చివరివరకు గల నలువది దినముల చలిని అచ్చటివారు చిల్లై కలాన్ అందురు. తరువాత ఇరువది దినములు చిల్లై ఖుర్ద్, పది దినములు చిల్లై బచ్చా. కార్తెలు లెక్కించు మన రైతులకు ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. 2021 జనవరిలో శ్రీనగరున చలి సున్నకు దిగువ 8 డిగ్రీలను దాటినది. దాలు సరస్సుపై మంచుపొర కట్టినది. అట్టివేళ జనులు ఫెరన్ అను వదులైన నిలువుటంగీ తొడిగి, దానిలోపల కాంగ్డీ నుంచుకొందురు. కాంగ్డీ యనగా వెదురుబుట్టవలె అల్లిన పుల్లలబుట్టలో నమర్చిన చిన్న మట్టికుంపటి. వేసవిలో ఎండబెట్టిన వంకాయ, సొరకాయ, టమాటాలను శీతకాలమున కూరగా వండుకొందురు. మన యిండ్లలోని వరుగులే అవి. దారి ఎన్నాళ్లు మూతపడునో తెలియని దేశములో ప్రతి యింటను వరుగులు, బియ్యము, బొగ్గు నిలువయుండును.

ఇక తోటలు. ఆపిల్‌చెట్టునకు చలి శత్రువు కాదు. శీతకాలమున 7 డిగ్రీలకు దిగువన, జాతినిబట్టి, వేయి గంటలకు అటునిటు నిద్రించిననే దాని మొగ్గలు వసంతమున సరిగా విచ్చును. నిద్ర చాలనిచో పూత చెదరి కాపు తగ్గును. తుర్కయంజాల్‌లో మేలిజాతి కశ్మీరపు మొక్కను నాటి ఎంత ఎరువు వేసినను ఆ చలిని తెచ్చి ఇచ్చువారు లేరు. అనగా బాటను మూసివేయు హిమమే పండును పండించుచున్నది. వేసవిలో చెట్టునకు నీరిచ్చునదియు అదియే. తోటవానికి హిమము పడకున్న దిగులు, పడిన దారి మూతపడునని దిగులు.

ఆ దిగులు వట్టిది కాదు. పండు ఊపిరి తీయు వస్తువు. పెట్టెలలో బిగించి టార్పాలిను కప్పిన లారీ పది దినములు కదలక నిలిచినచో లోపలి పండ్లు వెచ్చబడి మెత్తబడును. ఒకటి కుళ్లిన పెట్టెయంతయు చెడును. 2025 ఆగస్టు చివర కుండపోత వానలకు ఉధంపురము ప్రాంతమున కొండ విరిగి ఈ రహదారి తెగినపుడు వేలకొలది లారీలు నిలిచిపోయెను. సరిగ్గా కోతకాలమది. కుళ్లిన పండ్లను రైతులు పారబోయవలసి వచ్చినది. అదే సంవత్సరము జూన్ 6వ తేదీన చీనాబు నదికి 359 మీటర్ల ఎత్తున కట్టిన రైలువంతెన ఆరంభమై కశ్మీరలోయ దేశపు రైలుమార్గముతో కలిసినది. సెప్టెంబరులో ఆపిల్‌పెట్టెలను రైలులో ఢిల్లీకి పంపసాగిరి. అయినను తోటగట్టు వద్దకు వచ్చి పెట్టెను ఎత్తుకొనునది లారీయే గనుక బాట అక్కర తీరలేదు.

శ్రీనగరున గొలుసులు కట్టుకొని బయలుదేరిన లారీ బనిహాల్ దిగువన వానిని విప్పి పెట్టెలో పడవేయును. పంజాబులో పొగమంచుకు ఒక పూట ఆగును. గ్వాలియరు దాటునప్పటికి డ్రైవరు మెడచుట్టు శాలువ తీసి సీటు వెనుక వేయును. నాగపురము చేరునప్పటికి చొక్కా చేతులు మడుచును. పూర్వము ఈ లారీలు దిల్‌సుఖ్‌నగర్‌కును ఎల్.బి.నగర్‌కును నడుమ కొత్తపేటలో నుండిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెటుకు వచ్చెడివి. 2021లో మార్కెటును అచ్చటినుండి విజయవాడ మార్గములోని బాటసింగారమునకు మార్చిరి. బాట అనుమాట ఆ ఊరిపేరులోనే యుండుట ఒక వేడుక. తెల్లవారుజామున అచ్చట టార్పాలిను త్రాళ్లు విప్పి హమాలీలు పెట్టెలను దింపుదురు. మూత తెరువగానే తీయని వాసన వెలువడినచో దారి సవ్యముగా సాగినదని అర్థము. పుల్లని వాసన వచ్చెనా, వ్యాపారి మారుమాటాడక ఆ పెట్టెను ప్రక్కకు నెట్టి, ఎన్నిదినములు నిలిచితివని డ్రైవరును అడుగును.